పాత బండి డిక్కీ డోర్ అద్దం కదలడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఆటో ఎలక్ట్రికల్ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మా షాపుకు వచ్చేవి చాలావరకు పదిహేనేళ్లు పైబడిన బండ్లే. ఇవి కాక ఫోన్లో వచ్చే బండ్లు వేరే. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లి హౌస్ డ్రైవర్లుగా చేస్తున్న మన పిల్లలు, అక్కడి పాత పెద్ద బండ్లకు వెనక అద్దం ఇరుక్కుంటే వీడియో కాల్ చేస్తారు. "అన్నా, మోటారు పోయిందంట, మార్చాలంట" అన్నదే మొదటి మాట. నిజంగా మోటారే పోయిన సందర్భాలు నేను చూసింది తక్కువ. మోటారుకు డబ్బు పెట్టే ముందు ఏమేం చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

డిక్కీ డోర్‌లో అద్దం దిగడమేంటి? మా బండికి అలాంటిది లేదే?

మన దేశంలో అమ్మిన బండ్లలో చాలావాటికి ఉండదు. వెనక అద్దాన్ని డోర్‌కే అతికించేసి ఉంటారు. టొయోటా ఫోర్‌రన్నర్, సెకోయా, పాత ఫోర్డ్ బ్రాంకో లాంటి బండ్లకు మాత్రం పక్క డోర్లలో ఉన్నట్టే డిక్కీ డోర్‌లోనూ ఒక మోటారు, ఒక రెగ్యులేటర్ (అద్దాన్ని ఎక్కించి దించే ఇనుప చట్రం) ఉంటాయి. స్విచ్ నొక్కితే వెనక అద్దం డోర్ లోపలికి దిగిపోతుంది. ఫోర్‌రన్నర్ మొదటి రెండు తరాల్లో డిక్కీ డోర్ కిందికి పడుతుంది. 1996 మోడల్ నుంచి పైకి లేస్తుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, వైర్లు ఎక్కడ తెగుతాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

మీ బండికి వెనక అద్దం దిగకపోయినా ఈ పేజీలో సగం మీకు పనికొస్తుంది. పక్క డోర్ల పవర్ విండోలు పనిచేసే తీరూ ఇదే.

స్విచ్ నొక్కితే చప్పుడే రావడం లేదు. మోటారు పోయినట్టేనా?

అప్పుడే ఆ మాట అనకండి. ముందు రాత్రిపూటో, షెడ్డులో చీకటిగా ఉన్నప్పుడో బండిలో కూర్చోండి. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లోపలి రూఫ్ లైటు వేయండి. ఆ లైటునే చూస్తూ అద్దం స్విచ్ నొక్కండి.

లైటు కొంచెమైనా మసకబారిందంటే కరెంటు మోటారు దాకా వెళ్తోంది. మోటారు తిరగాలని చూస్తోంది, ఏదో పట్టేసింది. అద్దం తాను జారే గాడిలో, అంటే చానెల్‌లో బిగుసుకుపోయి ఉండవచ్చు, రెగ్యులేటర్ ఇరుక్కుని ఉండవచ్చు, మోటారు లోపల తుప్పు పట్టి ఉండవచ్చు. లైటు అసలు కదలకపోతే కరెంటు మోటారును చేరడం లేదు. అప్పుడు వెతకాల్సింది ఫ్యూజు, స్విచ్, వైర్లు, డోర్ లాక్ దగ్గరి చిన్న స్విచ్, ఎర్తు (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగెళ్లే దారి). మోటారు బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) పూర్తిగా అరిగినా లైటు కదలదు, కానీ దాన్ని చివర్లో చూసుకుందాం.

దీనికి కరెంటు కొలిచే మీటరు అక్కర్లేదు, ఏ పానా అక్కర్లేదు. పోయిన వేసవిలో కువైట్ నుంచి ఒక పిల్లోడు ఫోన్ చేశాడు. బాబా గారి (వాడి యజమాని) బండి వెనక అద్దం సగంలో నిలిచిపోయింది, బయట దుమ్ముగాలి లేచింది, వాడి గొంతులో టెన్షన్. రూఫ్ లైటు వైపు ఫోన్ పట్టుకుని స్విచ్ నొక్కమన్నాను. స్విచ్ నొక్కిన ప్రతిసారీ లైటు తగ్గింది. "కరెంటు వస్తోందిరా, నువ్వు వెనక్కి వెళ్లి రెండు అరచేతులూ అద్దానికి ఆనించి పైకి తోస్తూ ఉండు, స్విచ్ ఇంకొకరిని నొక్కమను" అన్నాను. పక్కింటి డ్రైవరు వచ్చి నొక్కాడు. రెండు నిమిషాల్లో అద్దం పైకెక్కింది. చానెల్ నిండా ఇసుక పేరుకుంది, అంతే.

ఫ్యూజు మళ్లీ మళ్లీ కాలిపోతోంది. కాస్త పెద్దది వేయవచ్చా?

వద్దు. అక్కడ ఎంత రాసి ఉంటే అంతే వేయండి. ఫ్యూజు కాలుతోందంటే ఎక్కడో వైరు తొడుగు ఒలిచి బాడీకి తగులుతోందని, లేదా మోటారు పట్టేసిందని అర్థం. 20 ఉన్నచోట 30 వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. రాగి తీగ చుట్టి నడిపిస్తున్న బండ్లు ఇంకా వస్తున్నాయి. అలాంటి బండిలో కుటుంబాన్ని ఎక్కించుకుని తిరుమల ఘాటు ఎక్కుతున్నారంటే నాకు భయమేస్తుంది.

రబ్బరు తొడుగులో వైర్లు తెగాయని ఎలా తెలుస్తుంది?

నా అనుభవంలో పాత బండి డిక్కీ డోర్‌కు వచ్చే జబ్బుల్లో ఇదే పెద్దది. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

బండి బాడీ నుంచి డోర్‌లోకి వైర్ల కట్ట వెళ్లేచోట మడతలు మడతలుగా నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. పైకి లేచే డోర్‌కు అది రూఫ్ దగ్గర, కీలు పక్కన ఉంటుంది. కిందికి పడే డోర్‌కు అడుగున మూలలో ఉంటుంది. బొలెరో లాగా పక్కకు తెరుచుకునే డోర్‌కు కీళ్ల మధ్యలో ఉంటుంది. డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ లోపలి వైర్లన్నీ అదే చోట వంగుతాయి. రోజుకు పదిసార్లు తెరిచే బండి అయితే పదిహేనేళ్లలో యాభై వేల సార్లకు పైగా వంగినట్టు. ఇనుప తీగ కూడా అన్నిసార్లు వంచితే విరుగుతుంది, సన్నటి రాగి పోగుల సంగతి చెప్పక్కర్లేదు.

గుర్తుపట్టడం సులువు. డోర్‌ను సగం తెరిచి, మెల్లగా ఊపుతూ స్విచ్ నొక్కండి. డోర్ తెరిచి ఉంటే మీ అద్దం కదలదనుకుంటే నంబరు ప్లేటు లైటు వేసి, ఆ లైటును చూస్తూ ఊపండి. ఒక కోణంలో వెలిగి ఇంకో కోణంలో ఆరిపోతే జబ్బు ఆ గొట్టంలోనే.

తర్వాత గొట్టం ఒక చివర వేళ్లతో బయటికి లాగి, వెనక్కి జరపండి. లోపల వైర్లు బయటికి చూడ్డానికి బాగానే ఉండొచ్చు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఒక్కో వైరును రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా లాగండి. మంచి వైరు బిర్రుగా ఉంటుంది. తెగిన వైరు రబ్బరు బ్యాండులా సాగుతుంది, ఎందుకంటే లోపల రాగి విడిపోయింది, పైన తొడుగు మాత్రమే మిగిలింది. మొన్న ఒక బండికి అలా లాగితే నాలుగు వైర్లు సాగాయి. తొడుగు చీల్చి చూస్తే రాగి కొనలు పచ్చగా, పొడిపొడిగా ఉన్నాయి. నీళ్లు దిగి చాలా కాలమైనట్టుంది. ఆ బండికి అంతకుముందు వేరేచోట కొత్త మోటారు కూడా వేయించారు. మోటారు అట్టపెట్టె వాసన ఇంకా పోలేదు, అద్దం మాత్రం కదలలేదు.

అతికించేటప్పుడు తెగినచోటే ముడివేసి టేపు చుట్టకండి. రెండు నెలలు కూడా ఆగదు. వైరు వంగే భాగం మొత్తం కత్తిరించి తీసేయాలి. అదే మందం ఉన్న, ఎక్కువ పోగులున్న మెత్తటి వైరు ముక్కను మధ్యలో వేయాలి. అతుకు ఒకటి బాడీ వైపు లోపల, ఇంకొకటి డోర్ వైపు లోపల పడేలా చూసుకోవాలి, గొట్టం లోపల పడకూడదు. సాల్డరింగ్ చేసిన చోట వైరు పుల్లలా బిగుసుకుంటుంది, దాన్ని వంచితే ఆ పక్కనే విరుగుతుంది. ఒక్కో అతుకూ ఒక్కో దూరంలో వేస్తే కట్ట లావు కాదు. ప్రతి అతుకు మీదా హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టేసే తొడుగు) వేయాలి. ఒక వైరు తెగిందంటే పక్కవి కూడా అదే వయసువి కాబట్టి, ఓపిక చేసుకుని కట్ట మొత్తం మార్చేయండి. వైరుకు, గొట్టానికి అయ్యే ఖర్చు తక్కువే. ఓపికే ఎక్కువ కావాలి. రంగులు కలవకపోతే ఒక్కో వైరు కోసి ఒక్కోటి కలపండి, అన్నీ ఒకేసారి కోసేయవద్దు.

మా బండికి వెనక అద్దం దిగదు. కానీ వైపర్ వేస్తే నంబరు ప్లేటు లైటు మసకగా వెలుగుతోంది, డోర్ లాక్ దానంతటదే కొట్టుకుంటోంది. ఇదేం దయ్యం?

దయ్యమేమీ లేదు, అదే రబ్బరు గొట్టం. వైపర్, డిఫాగర్ (అద్దం మీది మంచు పొరను పోగొట్టే హీటరు తీగలు), సెంట్రల్ లాక్, నంబరు ప్లేటు లైటు, కొన్ని బండ్లలో బ్రేక్ లైటు, అన్నిటి వైర్లూ దాంట్లోంచే పోతాయి. ఎర్తు వైరు తెగితే కరెంటు వెనక్కి వెళ్లే దారి లేక ఇంకో బల్బులోంచి, ఇంకో మోటారులోంచి దారి వెతుక్కుంటుంది. అందుకే ఒకటి వేస్తే ఇంకొకటి వెలుగుతుంది. ఇలా రెండు మూడు పనులు ఒకేసారి పాడైతే ముందు ఎర్తు చూడండి.

మీటరు పెడితే మోటారు దగ్గర 12 వోల్టులు చూపిస్తోంది. అయినా తిరగడం లేదు. ఇప్పుడైనా మోటారు పోయినట్టేనా?

ఇప్పుడు కూడా కాదు. తోటలో డ్రిప్పు పైపు నిండా మట్టి పేరుకుందనుకోండి. చివర మూత బిగించి ప్రెషర్ చూస్తే పూర్తిగా చూపిస్తుంది. మూత తీస్తే సన్నధారే వస్తుంది. మీటరు చూసేది మూత బిగించిన పైపును. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, కానీ ఆ ఒక్క పోగు మోటారును తిప్పలేదు.

అందుకే నేను పాత హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టుకుని దగ్గర పెట్టుకుంటాను. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది. మోటారు కప్లర్ (వైర్లు దూర్చే ప్లగ్గు) విప్పి, వైర్ల వైపు ఉన్న రెండు పిన్నుల మధ్య ఈ బల్బు పెట్టి స్విచ్ నొక్కండి. తెల్లగా, గట్టిగా వెలిగితే లైను బాగుంది. ఎర్రగా మిణుకుమిణుకుమంటే లైనులోనే లోపం.

లైను బాగుందని తేలాక మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. పాత బండ్లలో ఈ మోటారుకు రెండే వైర్లు. ఒకదానికి ప్లస్, ఇంకోదానికి ఎర్తు ఇస్తే అద్దం ఎక్కుతుంది, తిప్పి ఇస్తే దిగుతుంది. బ్యాటరీ నుంచి తెచ్చే వైరు మధ్యలో తప్పకుండా ఫ్యూజు పెట్టండి. చేతివేళ్లు అద్దం దారిలో ఉండకూడదు, నేరుగా కరెంటు ఇచ్చినప్పుడు దాన్ని ఆపే స్విచ్ ఏదీ ఉండదు.

డిక్కీ డోర్ తెరిచి చూస్తుంటే అద్దం కదలడం లేదు. మూస్తే కదులుతోంది. పాడైందా?

పాడవలేదు, దాన్ని అలాగే తయారు చేశారు. డోర్ సరిగ్గా లాక్ పడిందని తెలిస్తేనే అద్దం కదిలేలా లాక్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. కొన్ని బండ్లలో వెనక వైపర్ తన చోట పడుకుంటే తప్ప అద్దం దిగదు. లేకపోతే వైపర్ చెయ్యి అద్దానికి తగులుతుంది.

ఇబ్బందేంటంటే ఆ చిన్న స్విచ్‌లో దుమ్ము పడితే, డోర్ మూసినా అది "తెరిచే ఉంది" అనుకుంటుంది. అప్పుడు అద్దం ఎప్పటికీ కదలదు. మీటర్ బోర్డులో డోర్ తెరిచి ఉన్న గుర్తు ఆరకుండా వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే ఈ స్విచ్‌నే అనుమానించండి. డోర్ తెరిచి, స్క్రూడ్రైవర్ కొనతో లాక్ నాలుకను మూసిన స్థితికి తిప్పి, అద్దం స్విచ్ నొక్కి చూడండి. కదిలితే జబ్బు దొరికింది. లాక్ హ్యాండిల్ ఎత్తి నాలుకను మళ్లీ తెరవకుండా డోర్ మూయకండి, లాక్ దెబ్బతింటుంది.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపు, మంగంపేట ముగ్గురాయి గనుల వైపు తిరిగే బండ్లకు ఇది తరచుగా వస్తుంది. ఆ పొడి మామూలు మట్టిలా రాలిపోదు. లాక్‌లోని గ్రీజులో కలిసి ముద్దవుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, కొత్త గ్రీజు కొద్దిగా పెడితే చాలాసార్లు కొత్త లాక్ కొనాల్సిన పని ఉండదు.

వెనక తాళం పెట్టి తిప్పితే దిగుతోంది. ముందు స్విచ్‌తో దిగడం లేదు.

అయితే మోటారు, రెగ్యులేటర్, చానెల్ అన్నీ బాగున్నట్టే. ముందు స్విచ్ పాడైంది, లేదా ముందు నుంచి వెనక్కి వచ్చే వైరు. స్విచ్ విప్పి చూస్తే లోపలి రాగి బిళ్లలు నల్లగా మాడి ఉంటాయి. సన్నటి ఎమెరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దితే కొంతకాలం నడుస్తుంది. డ్రైవర్ దగ్గర విండో లాక్ బటన్ నొక్కి ఉందేమో కూడా ఒకసారి చూడండి. పిల్లలు నొక్కి వదిలేసి ఉంటారు.

మోటారు చప్పుడు వస్తోంది, అద్దం మాత్రం అక్కడే ఉంది.

ఇక ఇది కరెంటు సమస్య కాదు. చప్పుడు వినండి. "జుయ్" అని తేలిగ్గా తిరుగుతుంటే అద్దం కింద ఉండే పట్టీ ఊడిపోయింది, లేదా ప్లాస్టిక్ రోలర్ విరిగింది. "కరకర" మంటే మోటారు పళ్లు అరిగాయి. గరగరలాడుతూ డోర్ లోపల ఏదో నలుగుతున్నట్టుంటే కేబుల్ రకం రెగ్యులేటర్‌లో కేబుల్ పోగులు విడిపోయి దాన్ని లాగే చక్రానికి, అంటే డ్రమ్ముకు చుట్టుకుంటోంది. ఈ మూడోది వినబడిన వెంటనే స్విచ్ వదిలేయండి. ఇంకో నాలుగుసార్లు నొక్కితే కేబుల్‌తో పాటు డ్రమ్ము కూడా పోతుంది.

అద్దం చాలా నెమ్మదిగా ఎక్కుతోంది. ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. పది నిమిషాలాగి నొక్కితే మళ్లీ కదులుతుంది.

ఇలాంటి మోటార్లలో చాలావాటి లోపల వేడికి ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. బరువు ఎక్కువై మోటారు వేడెక్కితే అది కరెంటు ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ ఇస్తుంది. మోటారు మంచిదే, దానికి మోయలేని పని పడుతోంది. ఆ పనిని తగ్గించాలి.

అద్దం జారే చానెల్ రబ్బరు లోపల మెత్తటి నూగు ఉంటుంది. ఎండకు ఆ నూగు రాలి, రబ్బరు గట్టిపడి అద్దాన్ని పట్టేస్తుంది. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే. కువైట్ సంగతి చెప్పక్కర్లేదు. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలో పదేళ్లు నిలబడిన బండి రబ్బరు గోరుతో గీస్తే పొడిగా రాలుతుంది. అలాంటిదాన్ని మార్చడమే మంచిది. ఇంకా మెత్తగా ఉంటే సన్నటి పుల్లకు తడిగుడ్డ చుట్టి చానెల్ పొడవునా తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టి, అద్దాన్ని నాలుగుసార్లు దించి ఎక్కించండి.

ఇంకొక్క మాట. ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు ఇస్తే, నడుస్తున్నప్పుడు 14 దాకా వస్తుంది. ఇంజను వేస్తే అద్దం చురుగ్గా, ఆపితే నత్తలా కదులుతుంటే బ్యాటరీని కూడా చూపించుకోండి.

ఇంజనాయిలు, గ్రీజు, కొబ్బరినూనె పూయవచ్చా?

రబ్బరుకు వీటిలో ఏదీ పూయకండి. ఇంజనాయిలుకు రబ్బరు ఉబ్బి అద్దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఏ నూనైనా దుమ్మును పట్టి గంధంలా అరగదీస్తుంది. గ్రీజు రెగ్యులేటర్ ఇనుప పట్టాలకు మాత్రమే.

అద్దం కిందికి దిగి ఇరుక్కుపోయింది, వాన వచ్చేలా ఉంది. ఏం చేయాలి?

ముందు పైన చెప్పినట్టు ఒకరు తోస్తూ, ఒకరు నొక్కుతూ ప్రయత్నించండి. కదలకపోతే డోర్ లోపలి ప్యాడ్‌ను అరచేత్తో రెండు మూడు దెబ్బలు కొడుతూ నొక్కండి. దెబ్బకు కదిలిందంటే మోటారు బ్రష్‌లు అరిగిపోయాయి. మోటారును నిజంగా అనుమానించాల్సిన సందర్భం ఇదొకటి. ఇవేవీ పనిచేయకపోతే ప్యాడ్ విప్పి మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వడమే.

అంత సమయం లేకపోతే దళసరి ప్లాస్టిక్ పట్టను డోర్ పైభాగం నుంచి కిందికి వేలాడేలా, అంచులు బయటివైపు ఉండేలా టేపుతో అతికించండి. అంచు లోపలికి పెడితే నీళ్లన్నీ డోర్‌లోని మోటారు మీదికే వెళ్తాయి.

కిందికి పడే డోర్ మాది. అద్దం పైన ఇరుక్కుంది, డోర్ కూడా తెరుచుకోవడం లేదు.

ఆ రకంలో అద్దం పూర్తిగా దిగితే తప్ప డోర్ లాక్ విడవదు. బయటి నుంచి పాన పెట్టి పెకిలించవద్దు. అది కాల్చి గట్టిచేసిన అద్దం, అంచున చిన్న దెబ్బ తగిలినా మొత్తం ముక్కలవుతుంది. వెనక సీటు మడిచి లోపలి నుంచి పాకి వెళ్లండి. లోపలి ప్యాడ్ స్క్రూలు అటువైపు నుంచే అందుతాయి. ప్యాడ్ తీసి, మోటారు కప్లర్ విప్పి, నేరుగా కరెంటు ఇచ్చి అద్దం దించండి. చెమటలు పట్టే పని, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి.

ప్యాడ్ మేమే విప్పుకోవచ్చా? ప్రమాదం ఏమైనా ఉందా?

విప్పుకోవచ్చు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ప్లాస్టిక్ క్లిప్పులను ఎండలో ఉన్న బండికి విప్పితే విరగవు. నీడలో, చలికాలంలో అయితే పుటుక్కుమంటాయి. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, దాన్ని చించి పారేయకండి. నీళ్లు, దుమ్ము బండిలోకి రాకుండా ఆపేది అదే. మళ్లీ అతికించాలి.

అసలు ప్రమాదం రెగ్యులేటర్ దగ్గర. కత్తెరలా మడతపడే చేతుల రకానికి అద్దం బరువు మోయడానికి గట్టి స్ప్రింగు ఉంటుంది. మోటారు బోల్టులు విప్పగానే ఆ స్ప్రింగును ఆపేది ఏదీ ఉండదు. పళ్ల చక్రం ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది, మధ్యలో వేలు ఉంటే పోయినట్టే. నేను పని నేర్చుకునే రోజుల్లో నా పక్కనే కూర్చున్న అబ్బాయి చూపుడువేలు కొన అలాగే తెగింది. రక్తం కంటే వాడి ముఖంలో ఆశ్చర్యమే ఎక్కువ గుర్తుంది నాకు. అందుకే మోటారు విప్పే ముందు పళ్ల చక్రాన్ని, వెనక రేకును కలిపి ఒక బోల్టు దూర్చి బిగించండి. అది ఎలాగో తెలియకపోతే ఆ ఒక్క పని మెకానిక్‌కు వదిలేయండి.

చివరికి మోటారే పోయిందని తేలింది. పాతది వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. కొనే ముందు ఆ షాపులోనే బ్యాటరీ పెట్టి రెండు వైపులా తిప్పించి చూడండి. కుడి, ఎడమ మోటార్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బోల్టు రంధ్రాలు తేడా వస్తాయి. మీ పాత మోటారును చేత్తో పట్టుకుని వెళ్లండి. బ్రష్‌లు మాత్రమే అరిగి ఉంటే మోటారు వైండింగ్ షాపులో కొలత చూసి వేస్తారు, నేను అలా బతికించినవి చాలా ఉన్నాయి.

వెనక అద్దం దించుకుని ప్రయాణించవచ్చా? గాలి బాగా వస్తుంది కదా.

వెనకది ఒక్కటే దించి, మిగిలినవన్నీ మూసి మాత్రం వెళ్లకండి. పరుగెత్తే బండి వెనక గాలి సుళ్లు తిరుగుతుంది. సైలెన్సర్ పొగ ఆ సుడిలో చిక్కి, తెరిచిన వెనక అద్దంలోంచి లోపలికి వస్తుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్టుండటం, ఆ తర్వాత స్పృహ తప్పడం. వెనక సీట్లో పడుకున్న పిల్లలకు నిద్రే అనుకుంటాం. దించాల్సి వస్తే ముందు అద్దాలు కూడా దించండి, గాలి ముందు నుంచి వెనక్కి పోవాలి. వెనక అద్దం సగంలో ఇరుక్కున్న బండిని "తర్వాత చూద్దాం" అని నెలల తరబడి నడపవద్దని చెప్పేది ఇందుకే.

పిల్లలున్న ఇల్లు. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

పాత బండ్ల అద్దానికి ఏదైనా అడ్డుపడితే వెనక్కి దిగే తెలివి లేదు. మెడ ఉన్నా, చెయ్యి ఉన్నా ఎక్కుతూనే ఉంటుంది. విండో లాక్ బటన్ పనిచేసేలా ఉంచుకోండి, తాళం బండిలో వదిలి దిగకండి. రిపేరు తర్వాత ఒక చుట్టిన పేపరును అద్దం అంచున పెట్టి ఎక్కించి పిల్లలకే చూపించండి. నలిగిన పేపరు చూసిన పిల్లలు మళ్లీ తల బయట పెట్టరు.

బండి కడిగినప్పుడల్లా డిక్కీ డోర్‌లో నీళ్లు కదిలే చప్పుడు వస్తోంది.

డోర్ అడుగున అంచు వెంట చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అద్దం పక్కనుంచి దిగిన నీళ్లు వాటిలోంచి పోవాలి. అవి మట్టితో మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి మోటారు తడుస్తుంది, కప్లర్ పచ్చబడుతుంది. వేపపుల్లతోనో, మెత్తటి ప్లాస్టిక్ టై కొనతోనో పొడిచి చూడండి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే పెయింటు లేచి అక్కడే తుప్పు మొదలవుతుంది. మొదట ఎర్రటి బురద వస్తుంది, తర్వాత ఒక చెంబెడు నీళ్లు కారతాయి. కారడం ఆగాక డోర్‌ను ఒక పూట ఎండకు తెరిచిపెట్టి, తర్వాత స్విచ్ నొక్కండి.